ఉపవాసంలో మానేసిన మాత్రలు

కోచింగ్ కాలేజీలో నేను చెప్పేది జువాలజీ. గర్భనిరోధక మాత్రలు ఒంట్లో ఎలా పనిచేస్తాయో బోర్డు మీద బొమ్మలేసి మరీ చెబుతాను. వెనక బెంచీల్లో ఇకఇకలు మొదలైతే ఒక్క చూపు చూస్తాను, అంతే, గప్‌చుప్. అలాంటిదాన్ని, ఆ మాత్రలే వరసగా మూడు మానేసి, ఇప్పుడేం చేయాలో తెలియక విజయవాడలో మా ఫ్లాటులో ఒక్కదాన్నే మంచం మీద కూర్చున్నాను. సిలబస్‌లో ఆ ముక్క లేదు మరి.

ఎందుకు మానేశానో చెప్పాలంటే నిరుటి సంగతి చెప్పాలి. నిరుడు నాకు కడుపు నిలిచింది. మూడో నెల రాకుండానే పోయింది. ఆ సంగతి నాకూ మా ఆయనకూ మాత్రమే తెలుసు. "అమ్మకి చెప్పకు, తట్టుకోలేదు" అన్నారాయన. నేనెలా తట్టుకుంటున్నానో ఎవరూ అడగలేదు. కొన్నాళ్ళు ఆగమని డాక్టరమ్మ మాత్రలు రాసిచ్చింది. ఆవిడ చెప్పిన గడువు దాటిపోయినా నేను మానలేదు. మళ్ళీ కడుపుతో ఉండటమంటే మళ్ళీ పోగొట్టుకోవడమే అనిపించేది. "నీ ఇష్టం" అన్నారాయన. వినడానికి ఎంత మంచి మాటో, దాంతో మనిషిని అంత ఒంటరిగా వదిలేయొచ్చు.

పామర్రులో ఉండే మా అత్తగారికి ఇవేవీ తెలియవు. ఆవిడ దృష్టిలో కోడలికి అసలు కడుపే పండలేదు. అందుకని వాళ్ళ చర్చి మందిరంలో నా పేరు మీద మూడు రోజుల ఉపవాస ప్రార్థన పెట్టించింది. సంఘంలో ఆడవాళ్ళంతా పగలు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా, సాయంత్రం కాస్త గంజి తాగి, రాత్రి మందిరంలోనే చాపల మీద పడుకున్నారు. వాళ్ళ మధ్య నేనూ. పాస్టరమ్మగారు నా తల మీద చెయ్యి పెడితే, ఆవిడ చుట్టూ ఇంకో పది చేతులు. "ఈ బిడ్డ ఒడి నింపయ్యా" అని మా అత్తగారు నొప్పి మోకాళ్ళ మీద కూర్చుని ఏడుస్తోంది.

మాత్రల స్ట్రిప్ నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. బాత్రూములోకి వెళ్ళి మింగేసి వస్తే అడిగేవాళ్ళు లేరు. కానీ చేతులు రాలేదు. ఒకే కప్పు కింద నుంచి దేవుడికి ఇవ్వమని వాళ్ళ దరఖాస్తు, వద్దని నా దరఖాస్తు, ఏం బాగుంటుంది? నా కోసం పస్తులున్నవాళ్ళ మధ్య కూర్చుని ఆ పని చేయడం నాకు దొంగతనంలా అనిపించింది. వాళ్ళు అన్నం మానేశారు, నేను మాత్ర మానేశాను.

మూడో రోజు సాయంత్రం ఉపవాసం ముగించి సంఘమంతా కలిసి తినే ప్రేమవిందు. రైల్వేలో లోకో పైలట్‌గా చేసే మా ఆయన డ్యూటీ దిగి నేరుగా వచ్చారు. ఆ రాత్రి పామర్రులోనే ఉన్నాం. ఆయన దగ్గరికి తీసుకున్నప్పుడు కూడా మాత్రల సంగతి నేను చెప్పలేదు. ప్రార్థన పారవశ్యంలో ఉన్నానో, మూడు రోజుల ఆకలి మైకంలో ఉన్నానో ఇప్పటికీ తెలియదు. పొద్దున్నే ఆయన డ్యూటీకి వెళ్ళిపోయారు, నేను బస్సెక్కాను. ఉయ్యూరు దాటాక బ్యాగులోంచి స్ట్రిప్ తీసి, మిగిలిపోయిన మాత్రలు లెక్కపెట్టుకున్నాను.

ఇంటికి రాగానే ఫోన్ చేశాను.

"ఏమండీ, మూడు మాత్రలు మానేశానండీ."

"నువ్వే కదా పిల్లలకి పాఠం చెప్పేది! నీకు తెలీకపోతే నాకేం తెలుస్తుంది? డ్యూటీ ఎక్కుతున్నా, మళ్ళీ చేస్తా."

మళ్ళీ చేయలేదు. మూడు మాత్రలూ అరచేతిలో పోసుకున్నాను. ఎందుకో భయమేసి, వాటిని పక్కన పెట్టి, నిరుడు చూపించుకున్న డాక్టరమ్మ దగ్గరికి ఆటోలో వెళ్ళాను.

"మూడూ కలిపి మింగలేదు కదా?" అందావిడ ముందుగా.

"అరచేతి దాకా వచ్చాయండీ."

నవ్వింది. "చివరగా మానేసినది ఒక్కటి ఇప్పుడే వేసుకోండి. ముందువి రెండూ వదిలేయండి. ఇవాళ వేసుకోవాల్సింది రోజూ వేసుకునే టైముకే వేసుకోండి, ఒకే రోజు రెండైనా ఫరవాలేదు. ఏడు రోజులు కండోమ్ తప్పనిసరమ్మా. స్ట్రిప్ మధ్యలో కదా, అంతకు ముందు వారమంతా సరిగ్గా వేసుకున్నారు కాబట్టి భయం తక్కువ. మొదటి వారంలో అయితే అత్యవసర మాత్ర గురించి ఆలోచించాల్సొచ్చేది. చివరి వారంలో అయితే గ్యాప్ ఇవ్వకుండా కొత్త స్ట్రిప్ మొదలెట్టమనేదాన్ని. ఈ స్ట్రిప్ అయ్యాక డేట్ రాకపోతే టెస్ట్ చేసుకుని రండి."

ఇంతేనా అనిపించింది. ఇంకాసేపు కూర్చుంటే ఇంకేమైనా అడుగుతుందేమోనని ఆశపడ్డాను. ఈలోగా నర్సు ఇంకొకరిని పిలిచింది.

తర్వాత ఎదురుచూపులే. వద్దు దేవుడా, వద్దు అనుకుంటూనే తిరిగాను. క్లాసులో మధ్యమధ్య నా చెయ్యి నా పొట్ట మీద ఉండటం చూసుకుని గబుక్కున తీసేసేదాన్ని. వద్దనుకునేదానికి ఆ చెయ్యి అక్కడెందుకు అని నా మీద నాకే కోపం.

స్ట్రిప్ అయిపోయిన వారంలో మా అత్తగారు నాటుకోడి గుడ్లు, ప్రార్థన చేయించిన నూనె పట్టుకుని పామర్రు నుంచి వచ్చింది. మర్నాడు పొద్దున నాకు డేట్ వచ్చింది. గండం గడిచిందనుకోవాలి కదా? బాత్రూములో ఆ రక్తం చూసేసరికి నిరుటి రోజు కళ్ళ ముందుకొచ్చి భోరుమన్నాను. తలుపు తీసేసరికి ఆవిడ ఎదురుగా ఉంది. నా మొహం చూసి అర్థం చేసుకుంది.

"ఏడవకమ్మా. వచ్చే నెల ఇస్తాడు. నేనున్నాగా" అంటూ నన్ను గుండెలకు పొదువుకుంది.

నిరుడు ఒకటి పోయిందత్తయ్యా అన్న మాట గొంతు దాకా వచ్చింది. ఆ బిడ్డ పోయినప్పటి నుంచి నన్ను అలా పట్టుకున్న మనిషి లేదు. నిజం చెబితే ఆ చేతులు నన్ను వదిలేస్తాయేమోనని భయమేసి, నోరు మూసుకుని ఆవిడ భుజం మీద ఏడ్చాను.