లాభం, దువా, తూ

నన్ను మొక్కల దొంగ అన్నారు. ఆ మాటే అనలేదని తర్వాత చాలామంది సర్దిచెప్పబోయారు గానీ, నేను అక్కడే ఉన్నాను. నా చెవులతో విన్నాను.

ఒమాన్‌లోని సహంలో అదొక పెద్ద నర్సరీ. గోను తుఫాను పోయిన మరుసటి చలికాలం, రోడ్ల పక్కన నాటడానికి లారీల కొద్దీ పూలమొక్కలు పంపేవాళ్లం. నల్ల సంచుల్లోని మొక్కలు చేతి నుంచి చేతికి మారుతూ లారీ ఎక్కుతుంటే, ఒకడు పక్కన నిలబడి గట్టిగా లెక్కపెట్టాలి. నూరు కాగానే డబ్బాలో ఒక గులకరాయి వేసి, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకోవాలి. గొంతు పెద్దదని ఆ పని నాకిచ్చారు. నేను తెలుగులోనే లెక్కపెట్టేవాణ్ని. ఎవరూ కాదనలేదు.

లెక్క రాసుకునే చెకర్ ఫిలిప్పీన్స్ మనిషి. అక్కడి సులు దీవులవాడు, తౌసుగ్ భాష మాట్లాడతాడు. యాభై దాటిన వయసు. మా రూమ్‌లో ఉండే జగిత్యాల అన్న సరదాకి అతనికి తెలుగులో పది దాకా అంకెలు నేర్పాడు. అదే నా కొంప ముంచింది. ఎవరినైనా సదీక్, అంటే స్నేహితుడా, అని పిలిచే చెకర్ ఒకరోజు పొద్దున్నే చెయ్యెత్తి పని ఆపించాడు.

"సదీక్, రుకో! తుమ్ ఒకటి నై బోలా. రెండు సే చాలూ కియా. హర్ సౌ మే ఏక్ కమ్!"

నూరుకొకటి తక్కువ పెడుతున్నానట. నేను ఒకటి అనలేదు, నిజమే. లాభం అన్నాను. కల్లంలో మా నాన్న వడ్లు కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనేవాడు కాదు. లాభం, రెండు, మూడు అంటూ పోసేవాడు. చిన్నప్పటి నుంచి విన్న లెక్క అది. అలా అంటున్నానని నాకే తెలియదు.

"లాభం అంటే ఒకటే!" అన్నాను.

"లాభ్? కిస్కా లాభ్? తుమ్హారా?"

నలుగురు నవ్వారు. వాళ్లెవరో ఇప్పటికీ చెప్పగలను. అందులో జగిత్యాల అన్న ఒకడు. వాళ్ల నాన్న కూడా లాభంతోనే కొలిచి ఉంటాడు. ఒక్క మాట చెప్తే అయిపోయేది. చెప్పలేదు. లారీ దింపి మళ్లీ లెక్కపెట్టమన్నాను. నర్సరీ యజమాని, అందరం అర్బాబ్ అని పిలిచే ఆయన, టైమ్ లేదన్నాడు. మధ్యాహ్నానికి నన్ను ఎరువు కుప్ప దగ్గరికి పంపారు. ఇక ఆ లెక్క చెకరే పెట్టసాగాడు, తన భాషలో.

ఎరువు కుప్ప లారీలకు పది గజాల దూరం. వాసన నాకు, అంకెలు కూడా నాకే. ఇసా, దువా, తూ, ఉపత్. ఒకటి, రెండు, మూడు, నాలుగు. పార ఎత్తిన ప్రతిసారీ నేనూ లోలోపల అనుకునేవాణ్ని. అతని భాషలోనే, తప్పు పట్టలేనట్టు లెక్కపెట్టి చూపించాలన్నది నా పంతం. పది దాకా రెండు రోజుల్లో వచ్చింది. పెద్ద అంకెలే చిక్కు. ఇరవై అంటే కవ్‌హాన్. అందులో దువా ఎక్కడుందో ఎంత వెతికినా దొరకదు. చివరికి టీ టైమ్‌లో అతని దగ్గరికే వెళ్లాను.

"నూరు తర్వాత ఎట్లా?"

"క్యూఁ?"

"నువ్వు చేసిన తప్పు నీ భాషలోనే చెప్దామని."

కోప్పడతాడనుకున్నాను. నవ్వి, పుల్ల తీసుకుని ఇసుకలో సున్నాలు గీశాడు. నూరు హంగ్‌గాతుస్. వెయ్యి హంగిబు. పదివేలు లక్సా. అక్కడ నేను ఒప్పుకోలేదు. మా లక్ష అంతకు పదింతలని వాదించాను.

"తుమ్హారా బడా, హమారా ఛోటా. తో క్యా?" అని టీ ఊదుకున్నాడు.

ఆ తర్వాత రోజూ టీ టైమ్‌లో అప్పజెప్పించుకునేవాడు. తప్పు వస్తే "ఫిర్ సే" అనేవాడు, జాలి లేకుండా. ఒమాన్ వచ్చిన ఇన్నేళ్లలో తన భాష అడిగినవాణ్ని నేనొక్కణ్నేనట. ఊళ్లో మనవళ్లు కూడా ఇంగ్లీషులోనే లెక్కపెడతారట. ఆ మాట చెప్పినప్పుడు అతని మీద కోపం నిలుపుకోవడం కొంచెం కష్టమైంది. అయినా నిలుపుకున్నాను.

సీజన్ చివర్లో పదివేల మొక్కల ఆర్డర్ వచ్చింది. దింపే చోట మళ్లీ ఒక్కొక్కటిగా లెక్కపెడతారని అర్బాబ్ ముందే హెచ్చరించాడు. సరిగ్గా ఆ రోజే చెకర్‌కు దగ్గు పట్టి గొంతు పోయింది. ఎవరు లెక్కపెడతారని అర్బాబ్ అడిగితే, అతను ఎరువు కుప్ప వైపు వేలు చూపించాడు.

చేతులు కడుక్కుని వచ్చి నిలబడ్డాను. "ఏంది తమ్మీ, మల్ల లాభమేనా?" అన్నాడు జగిత్యాల అన్న.

మొదటి మొక్క కదిలింది. ఎన్ని రోజులు బట్టీపట్టానో, నోటి నుంచి మాత్రం "లాభం" అనే వచ్చింది. అందరి చేతులూ ఆగిపోయాయి. నేను చెకర్ వైపు చూశాను. అతను ఒక వేలు ఎత్తి చూపి, పుస్తకంలో ఒక గీత గీశాడు. కానివ్వమని తలూపాడు.

"దువా," అన్నాను. "తూ."

తర్వాతి నూరుకు కావాలనే లాభం అన్నాను. ఆ తర్వాతి నూరుకూ అంతే. గులకరాయి వేసినప్పుడల్లా మొత్తం ఎంతో తౌసుగ్‌లో అరిచాను. రెండో రోజు సాయంత్రం నూరో రాయి వేసి "లక్సా!" అన్నప్పుడు నాకూ గొంతు లేదు. అతను చెప్పినట్టు నూరుకొకటి తగ్గేదే అయితే, ఈ లెక్కలో నూరు మొక్కలు తక్కువ రావాలి.

మూడో రోజు దింపిన చోటి నుంచి కాగితం వచ్చింది. చెకర్ దాన్ని నా ముందు పెట్టాడు. పదివేలు. ఒక్కటీ తగ్గలేదు.

అతను క్షమించమని అడగలేదు. అది నేను మరిచిపోలేదు. కానీ లెక్క మళ్లీ నాకు అప్పజెప్పారు. తన గొంతు వచ్చాక, తర్వాతి లారీకి అతను వచ్చి నా పక్కన నిలబడ్డాడు. మొదటి మొక్క చేతుల్లోకి రాగానే, నేను నోరు తెరవకముందే, గట్టిగా "లాభం!" అన్నాడు.

ఆ రోజు నుంచి ప్రతి నూరులో మొదటిది అతనిది. నేను దువా నుంచి ఎత్తుకునేవాణ్ని.