పెళ్లి వీడియో ఆగిన చోట

ఎవరైనా దయ్యాల ముచ్చట మొదలుపెడితే, "కరెంటు బిల్లు కట్టే దయ్యం ఉంటే చెప్పండి, మా ఇంట్లోనే పెట్టుకుంటా" అనేదాన్ని. ఇప్పటికీ నేను తాయెత్తు కట్టుకోలేదు, ఎవరి దగ్గరికీ పోయి చూపించుకోలేదు. జరిగింది జరిగినట్టు చెప్తాను, అంతే.

మాది హనుమకొండ. పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేయడం నా పని. మా తమ్ముడు నవీన్ ఊరూరా తిరిగి షూటింగ్ చేసుకొస్తాడు. నేను ఇంటి ముందరి గదిలో కూర్చుని అవి కత్తిరించి, పాటలు కలిపి, చివరికి అంతా ఒక్క వీడియోగా తయారుచేస్తాను. ఆ చివరి పనిని రెండరింగ్ అంటారు. మా పాత కంప్యూటర్‌లో అది పెట్టి, వంట చేసి, బట్టలుతికి ఆరేసి వచ్చినా సగం కూడా అయ్యేది కాదు.

మాఘమాసం ముహూర్తాలు మీద పడ్డాయి. అప్పుడే యూట్యూబ్‌లో ఓవర్‌క్లాకింగ్ గురించి చూశాను. ప్రాసెసర్‌ని, మెమరీని కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువ వేగంతో నడిపించడం. కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు సెట్టింగుల్లోకి పోయి కొన్ని అంకెలు మార్చాలి. కాజీపేటలో మిక్సింగ్ షాపు నడిపే సంపత్ అన్నను అడిగాను.

"ఉన్నదాంతోటి నడుపుకో చెల్లె. నేనైతే నా సిస్టంను ముట్ట. చేస్తె చెయ్యి గని, రెండూ ఒక్కసారి పెంచకు. ఏది తేడా కొట్టిందో తెల్వది" అన్నాడు.

ఆత్రపు పెళ్లికొడుకు అత్త మెడలో తాళి కట్టినట్టు, నేను రెండూ ఒక్కసారే పెంచాను. అయినా ఏం కాలేదు. వేడి ఎంతుందో చూసుకున్నాను, ఆ వేగాన్ని తట్టుకుంటుందో లేదో చూసే పరీక్షలన్నీ పాసైంది. బట్టలు ఆరేసి వచ్చేసరికి రెండరింగ్ సగం దాటింది. కాలర్ ఎగరేసుకుని తిరిగాను.

రెండరింగ్ నడుస్తున్నంతసేపూ తయారవుతున్న బొమ్మ తెర మీద కనిపిస్తూ ఉంటుంది. స్టేషన్ ఘన్‌పూర్ వాళ్ల పెళ్లి వీడియో పెట్టి, అన్నం తిని వచ్చి చూస్తే కంప్యూటర్ ఆగిపోయి ఉంది. మౌస్ కదలదు. లోపల ఫ్యాన్ మాత్రం గట్టిగా తిరుగుతోంది. తెర మీద ఒక పెద్దాయన. తలకు తెల్ల రుమాలు, చేతిలో అక్షింతలు, చూపు నేరుగా నా మీద.

ఫోన్‌తో ఆ తెరను ఫోటో తీసి సంపత్ అన్నకు పంపాను. మెమరీ తట్టుకోవడం లేదన్నాడు. ఆపి మళ్లీ పెడితే మళ్లీ ఆ పెద్దాయన దగ్గరే ఆగింది. మెమరీ వేగం ఒక మెట్టు తగ్గిస్తే దాటిపోయింది.

మా దగ్గర మనిషి పోతే దినం నాడు ఇంటి ముందు ఫ్లెక్సీ కట్టడం ఇప్పుడు ఆనవాయితీ అయింది. చాలామంది పెద్దవాళ్లకు విడిగా ఫోటో ఉండదు. అందుకని పెళ్లి వీడియోలోంచి ముఖం తీసి ఇమ్మని మా దగ్గరికే వస్తారు. కొన్నాళ్లకు ఆ స్టేషన్ ఘన్‌పూర్ పెళ్లికూతురి అన్న వచ్చాడు.

"మా పెదనాయిన పోయిండక్కా. ఒక్క మంచి ఫోటో తీసియ్యి" అన్నాడు.

ఇద్దరం కూర్చుని వీడియో అంతా వెతికాం. పెద్దాయన పక్కకు తిరిగో, ఎవరి వెనకో ఉన్నాడు. ముఖం నిండుగా పడింది ఒక్కచోటే, కంప్యూటర్ ఆగిన చోట. పెద్ద వయసు, ఏదో అలా కుదిరిందిలే అనుకున్నాను. ఫ్లెక్సీకి ఆ ఫోటోనే ఇచ్చి పంపాను.

తర్వాతది హసన్‌పర్తి పెళ్లి. ఎదురుకోళ్ల దగ్గర ఆడవాళ్లు బుక్కగులాలు చల్లుకుంటున్నారు. అందులో పెళ్లికొడుకు చిన్నమ్మ మీద ఆగింది. బుగ్గకు రంగుతో, నవ్వుతూ కెమెరా వైపు తిరిగిన ఆ ఒక్క క్షణం మీద. నాకంటే రెండు మూడేళ్లు పెద్దదేమో. ఈసారి కూడా ఫోటో తీశాను. ఆ వారంలోనే వాళ్లింటి నుంచి ఫోన్ వచ్చింది. పొద్దున లేవలేదట, ఏ రోగమూ లేదట. ఫోటో కావాలన్నారు. వెతకకుండానే నా ఫోన్‌లోది చూసి అదే చోటు తీసి పంపాను.

నేను పెంచిన అంకెలన్నీ తీసేశాను. బోర్డు మీది చిన్న బ్యాటరీ కూడా ఊడదీసి పెట్టి, కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఎలా ఉందో అలా చేశాను. పరీక్ష మళ్లీ పెట్టాను, ఒక్క తప్పు చూపించలేదు.

మూడో పెళ్లి వరంగల్‌లోనే. దానికి రెండు కెమెరాలు. ఒకటి నవీన్‌ది, ఇంకొకటి కిరాయికి మాట్లాడిన అబ్బాయిది. పట్టపగలు, అమ్మ పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. వీడియో ఆగింది. ఆ అబ్బాయి తీసిన దాంట్లో, మండపం పక్కన నవీన్. తన కెమెరా కిందికి దించి, చెమట తుడుచుకుని, నేరుగా ఇటే చూస్తున్నాడు.

నేను ఫోటో తీయలేదు. వైరు గోడలోంచి పీకేశాను. "ఏమైందే?" అంది అమ్మ. షాక్ కొట్టిందన్నాను.

పెళ్లివాళ్లు తొందర పెడుతుంటే ఆ వీడియో మొత్తం సంపత్ అన్నకు ఇచ్చాను, ఏమీ చెప్పకుండా. ఆయన కంప్యూటర్‌లో ఎప్పుడూ ఒక్క అంకె కూడా మార్చలేదు. అక్కడ సాఫీగా దాటిపోతే తప్పంతా నా కంప్యూటర్‌దే అవుతుంది, నా మనసు నిమ్మళమవుతుంది. మర్నాడు మధ్యాహ్నం ఫోన్ చేశాడు.

"గమ్మతుందిరా చెల్లె. నా సిస్టం గూడ ఒక్కకాడ ఆగుతాంది. ఫోటో తీసిన, పంపాల్నా?"

"వద్దన్నా. వీడియోలో ఆ ముక్క తీసెయ్యి" అన్నాను. ఎక్కడ ఆగిందని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ ముక్క తీసేస్తే మిగతాది దాటిందట.

నవీన్ ఇప్పటికైతే బాగానే ఉన్నాడు. బండి మీద షూటింగ్‌లకు పోతున్నాడు. గంటకోసారి ఫోన్ చేస్తుంటే విసుక్కుంటున్నాడు, "నన్ను పని చేసుకోనియ్యవా?" అని. వాడికి చెప్పలేదు. నోటితో అంటే నిజమవుతుందేమోనని భయం. దయ్యాల్ని నమ్మని నేను ఇది రాస్తున్నాను. పెంచిన వేగానికి, ఆ ముఖాలకు సంబంధం ఏమిటో, అసలు ఉందో లేదో, ఎంత ఆలోచించినా నాకు అందలేదు.

ఇంట్లో ఇప్పుడు వాడికి సంబంధాలు చూస్తున్నారు. అందరి ఫోటోలూ తీసేవాడు, వాడికి మాత్రం సరైన ఫోటో లేదు. "పిల్ల తరఫువాళ్లకు పంపాలె, ఒక్క మంచి ఫోటో తీసియ్యవే" అని అమ్మ రోజూ అడుగుతోంది. మంచిది ఒక్కటే ఉంది. ఎక్కడుందో నాకు తెలుసు. లేదనే చెప్తున్నాను.