టమాటా మొక్కకు వచ్చిన జబ్బు

మా పిన్ని ఎవరినీ సలహా అడక్కుండా నీళ్లు కూడా కాచదు. అలాగని ఆవిడకు ఏమీ రాదనుకునేరు! వంట, తోట, కుట్లు, అల్లికలు, అన్నిట్లోనూ చెయ్యి తిరిగిన మనిషి. అయినా అడగాలి. అడగందే ఆవిడకు పొద్దుపోదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో రెండేళ్లు నేను వాళ్లింట్లోనే ఉన్నాను. శని, ఆదివారాలు వస్తే చాలు, ఇల్లంతా మట్టి, మైదా, దారపు ఉండలు. కరెంటు మీటరు చూడటానికి వచ్చినతన్ని ఆపి, “బాబూ, ఈ దిండు గలీబు మీద పిట్టకి ముక్కు ఎర్రగా కుట్టనా, పసుపు కుట్టనా?” అని అడిగేది. అతను పాపం తల గోక్కుని, ఎరుపని చెప్పి, అంకె మర్చిపోయి మళ్లీ మీటరు దగ్గరికి వెళ్లేవాడు.

ఒకసారి ఎవరో పొరపాటున ఫోన్ చేశారు.

“హలో, టైర్ల షాపేనా?”

“కాదు నాయనా. అన్నట్టు, మీ ఇంట్లో కేకులోకి బేకింగ్ పౌడరు ఎంత వేస్తారు?”

అతను ఫోన్ వాళ్లమ్మకిచ్చాడు. ఆ మహాతల్లి నాలుగు చెంచాలంది. పిన్ని నాలుగూ వేసింది. కేకు పొంగి పొంగి ఓవెన్ పైకప్పుకు అతుక్కుపోయింది. బాబాయి అట్లకాడతో గోకుతూ మొత్తుకున్నాడు.

“పాతికేళ్లుగా నువ్వు చేస్తున్న కేకే కదే! ఒకటిన్నర చెంచా అని నాక్కూడా తెలుసు!”

“ఆవిడ అంత ఆప్యాయంగా చెబితే వెయ్యకపోతే ఏం బావుంటుందండీ?”

కింది వాటాలో ఒక రైలు డ్రైవరుగారుండేవారు. రిటైరైన రోజు తలుపు వేసుకున్న మనిషి, ఆరు నెలలైనా సరిగ్గా తీయలేదు. పేపరు కూడా తలుపు సందులోంచి లాక్కునేవారు. ఎవరైనా పలకరిస్తే “ఊఁ” అనేవారు. చివరికి అందరూ పలకరించడం మానేశారు.

ఒక శనివారం పిన్ని టమాటా కుండీని చంకన పెట్టుకుని వెళ్లి ఆ తలుపు కొట్టింది. వెనకాల నేను.

“డ్రైవరుగారూ, ఆకులు ముడుచుకుపోతున్నాయండీ. ఏం చెయ్యమంటారు?”

“నాకు రైళ్లు తెలుసమ్మా, మొక్కలు తెలీవు.”

“అంత బండి నడిపినవారు, ఇంత మొక్క మీకో లెక్కా?”

వదిలించుకోవడానికి, “నీళ్లు తగ్గించండి” అని తలుపేశారాయన.

సాయంత్రం పిన్ని మళ్లీ వెళ్లింది. “తగ్గించానండీ. ఇప్పుడేం చెయ్యను?”

“కుండీ మార్చండి.”

మర్నాడు పొద్దున్నే, “మార్చానండీ. తర్వాత?”

మూడోవారానికి ఆయన ఇక ఉండబట్టలేకపోయారు. “అసలు మీరు నీళ్లెలా పోస్తున్నారో నేనే చూడాలి!” అంటూ ఇస్త్రీ చొక్కా వేసుకుని మెట్లెక్కి వచ్చారు. కుండీ చుట్టూ రెండుసార్లు తిరిగారు. నీళ్లకు రైల్వే లెక్కలో టైంటేబుల్ రాసి గోడకు అంటించారు: పొద్దున ఆరూ పది, సాయంత్రం పదిహేడూ నలభై. కేకు తిన్నారు. బాబాయికి గంటసేపు ఇంజన్ల గురించి చెప్పారు. అప్పట్నుంచి శని, ఆదివారాలు పదిహేడూ నలభైకి మా బెల్లు మోగేది. ఒక్క నిమిషం అటూ ఇటూ లేదు.

ఇంత వైద్యం జరుగుతున్నా మొక్క మాత్రం కోలుకోలేదు. ఓ ఆదివారం సాయంత్రం బాల్కనీలోకి వెళ్తే, పిన్ని కుండీ ముందు కూర్చుని ఒక్కో ఆకునూ మడిచి తలపిన్ను పెడుతోంది.

“పిన్నీ! ఏంటిది?”

“ష్! ఆయనొచ్చే టైమైంది. కాసేపుంచి తీసేస్తే ముడత నిలుస్తుంది.”

“అంటే జబ్బు...”

“అదెప్పుడో తగ్గిందే. ఆ మాట చెబితే మళ్లీ వెళ్లి తలుపేసుకుంటాడు ఆ మనిషి!”

బెల్లు మోగింది. పిన్ని గబగబా పిన్నులన్నీ లాగి కొంగున ముడేసుకుంది. డ్రైవరుగారు వచ్చి, కళ్లజోడు సవరించుకుని, వంగి ఆకులు ఒక్కొక్కటే ఎత్తి చూశారు. ఒక ఆకు కింద పిన్ను ఉండిపోయింది. పిన్ని ఆకాశంలో మబ్బులు చూడసాగింది.

ఆయన పిన్నును మెల్లగా తీశారు. ఇటూ అటూ తిప్పి చూసి, చొక్కా జేబులో వేసుకున్నారు.

“జబ్బు బాగా ముదిరిందమ్మా,” అన్నారు గంభీరంగా. “వారానికి రెండుసార్లు చాలదు. ఇక రోజూ వచ్చి చూడాల్సిందే.”