మా ఆవిడ లాభం, నా రిటర్న్

పెళ్లిరోజుకు భార్యకు మ్యూచువల్ ఫండ్ కానుకగా ఇచ్చిన మొగుణ్ణి గల్ఫ్‌లో మేముండే ఫర్వానియా బిల్డింగులో నేనొక్కణ్ణే. మిగతావాళ్లు ఎగైలా మాల్‌కు తీసుకెళ్లి ఓ హ్యాండ్‌బ్యాగు కొనిచ్చి సరిపెట్టేవాళ్లు. మా ఆవిడ ఈ సంగతి ఇంటింటా చెప్పుకుంది. కిందింటి కడపాయన లిఫ్టులో నన్ను పట్టుకుని, "నీ పుణ్యాన మా ఇంట్లో దినామూ పంచాయితీనే అబ్బా" అని వాపోయాడు. నేను కాలరెగరేసుకుని, దజీజ్‌లో గిడ్డంగి లెక్కలు రాయడానికి పోయేవాణ్ణి.

అసలు సంగతి నాకొక్కడికే తెలుసు. ఫండ్ అమ్మినప్పుడు వచ్చే లాభంలో కొంతవరకు పన్ను ఉండదు. ఇద్దరి పేర్ల మీదా ఉంటే ఆ మినహాయింపు రెండుసార్లు దొరుకుతుందని లెక్కేసి, నా జీతం డబ్బులు ఆమె పేరున పెట్టాను. దానికి పెళ్లిరోజును ఎంచుకోవడం నా అతి తెలివి.

ఫండ్ బాగా పెరిగింది. నా సలహా మీదే ఈ మధ్య అమ్మేసింది. ఇక ఇండియాలో ఆదాయపన్ను రిటర్న్ వేయాలి. ఆమెకు అదే మొదటిది. ఆమె ఇఖామా, అంటే ఇక్కడుండే పర్మిట్, నా మీద ఆధారపడ్డది. ఇల్లు, కారు, కరెంటు అన్నీ నా పేరునే. తనదంటూ ఉన్నది ఆ ఫండ్ ఒక్కటే. అందుకే ఆ శుక్రవారం తలస్నానం చేసి, పాన్ కార్డు పట్టుకుని నా పక్కన కూర్చుంది. రాయచోటిలోని మా ఆడిటర్‌కు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. నా గొప్పతనం ఆమె కూడా వినాలి కదా!

"ఆ దుడ్లు ఎవురివన్నా?" అన్నాడు ఆడిటర్.

"నేనే గిఫ్టుగా ఇచ్చినా."

"అట్లయితే వదిన రిటర్న్‌లో చూపిస్తే కుదరదు. మొగుడు ఊరికే ఇచ్చిన దుడ్ల మీద లాభమొస్తే అది మొగుడి ఆదాయమే. పన్ను తగ్గిచ్చుకునేదానికి ఇట్ల చేస్తారని గవర్మెంటుకు తెలుసు గదన్నా!" అని నవ్వాడు.

నేనూ నవ్వబోయి ఆగిపోయాను. ఆమె పాన్ కార్డు బల్ల మీద పెట్టేసింది.

"పన్ను కోసరమా నువ్వు ఇచ్చింది? అయితే నాదనేది ఏముండాది ఇంక?"

కాదనడానికి నోరు తెరిచాను. చచ్చేంత సిగ్గేసింది.

ఆమె ఫోన్ దగ్గరికి వంగింది. "తమ్ముడూ, ఇప్పుడొచ్చిన లాభాన్ని నేను ఇంగోదాంట్లో పెడితే, దాని మీదొచ్చేది ఎవురిది?"

"అది నీదే వదినా. లాభం మీదొచ్చే లాభం మా అన్న లెక్కలోకి రాదు."

ఆమె లాభమంతా నా ఆదాయంలో రాసి, పన్ను నేనే కట్టాను. నేను పెట్టిన అసలును ఆమె నా ఖాతాకు పంపేసి, లాభం మాత్రం తన దగ్గర ఉంచుకుంది. అదెక్కడ పెట్టిందో మొన్న అన్నం తింటూ తెగించి అడిగాను.

"నీకెందుకబ్బా? నీ రిటర్న్‌లో రాసే పన్లేదు గదా" అంది, పెరుగు వడ్డిస్తూ.