మూత సీటు మీద పెట్టు

ఆగస్టు 17, ఆదివారం. కల్లూరు, మా ఇల్లు. ఉదయం ఏడున్నర. ఉన్నవాళ్లం: నేను, నా భార్య సరోజ. ఫోనులో మెకానిక్ ఓబులేసు.

బానెట్ ఎత్తగానే వెచ్చటి ఇంజనాయిలు వాసన ముఖానికి కొట్టింది. నిన్ననే ఓబులేసు షాపులో ఆయిలు మార్పించాను. ఈ ఉదయం పాలకు పోయి తిరిగి వస్తుంటే స్టీరింగు వెనక ఇంజను బొమ్మ పసుపుపచ్చగా వెలిగింది. రేపు కడపకు పోవాలి. మా ఆఫీసు జీపు నడిపిన మస్తాన్ చనిపోయి రేపటికి నలభై రోజులు, వాళ్లింట్లో ఫాతెహా ప్రార్థనలు. ఆ తొందరలో ఓబులేసుకు ఫోన్ చేసి గట్టిగానే మాట్లాడాను. "నేను బాగనే బిగించినా సార్. మళ్లా ఎవురన్నా తెరిచినారా?" అన్నాడు. "నా కారును నేను తప్ప ఎవరూ ముట్టరు" అని పెట్టేశాను. డైరీలో 'షాపువాళ్ల అజాగ్రత్త' అని రాసి, ఆ తర్వాతే బానెట్ ఎత్తాను. మస్తాన్ ఉంటే ఈ వరస చూసి నవ్వేవాడు.

నేను ఉద్యోగంలో చేరినప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. ఊరూరా బావుల్లో నీటిమట్టం కొలిచి రాసుకోవడం మా పని. మస్తాన్‌కు నలభై దగ్గరపడ్డాయి, అయినా ఇంకా టెంపరరీయే. ఆ ఏడాది పర్మినెంటు చేస్తారని ఎదురుచూస్తున్నాడు. రికార్డులో ఒక్క మచ్చ పడితే పేరు జాబితాలోంచి పోతుంది. మాటలు తక్కువ మనిషి. జీపు మొరాయిస్తే పానా ముట్టకముందు ఒకటే అడిగేవాడు: "ఆఖర్న చెయ్యి పెట్టిందెవురు? యాడ పెట్టినారు?" బండి చెడిపోదని, మనుషులే చెడగొడతారని అతని నమ్మకం.

ఒకరోజు కోసిగి వైపు పోతున్నాం. పొద్దున బయలుదేరేముందు ఇంజనులో ఆయిలు నేనే పోశాను. నాకూ పని వచ్చునని చూపించుకోవాలన్న ఉబలాటం. సగం దారిలో ఆయిలు తగ్గిందని ఎర్రదీపం వెలిగింది. మస్తాన్ అక్కడికక్కడే ఇంజను ఆపేశాడు. చుట్టూ నల్లరేగడి బీడు, తల దాచుకోను తుమ్మచెట్టు నీడ కూడా లేదు.

"ఊరు రెండు మైళ్లే కదా, పోనీ" అన్నాను.

"దీపం వెలిగినాక ఒక్క అడుగు గూడా పోయేది లేదు సార్."

"చెప్పేది నేను, నడిపేది నువ్వు."

"అందుకే ఆపినా" అని దిగిపోయాడు.

బానెట్ ఎత్తితే ఇంజను నిండా ఆయిలు చిమ్మి ఉంది. పోసే రంధ్రానికి మూత లేదు. పొద్దున దాన్ని మడ్‌గార్డు మీద పెట్టిన సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది. మస్తాన్ నా ముఖం ఒకసారి చూశాడు. శుభ్రమైన గుడ్డను బిరడాలా చుట్టి రంధ్రానికి పెట్టి, తీగతో కట్టి, డబ్బాలో మిగిలిన ఆయిలు పోశాడు. ఇంకో మైలు పోయి ఉంటే ఇంజను పట్టేసేదని తర్వాత వర్క్‌షాపులో చెప్పారు.

సాయంత్రం ఆఫీసులో లాగ్‌బుక్కు నా ముందుకు వచ్చింది. ఆయిలు పోసినవారు ఎవరు అన్న గడిలో 'డ్రైవరు' అని రాశాను. మస్తాన్ నా భుజం మీదుగా చూశాడు. "రాసుకో సార్. నీ చేతిరాత బాగుంటాది. ఎవురు చదివినా నమ్ముతారు" అన్నాడు. తాళంచెవి మేకుకు తగిలించి వెళ్లిపోయాడు.

ఇంటికి పోయి నా డైరీలో మాత్రం జరిగింది జరిగినట్టు రాశాను. రెండు పుస్తకాలు, రెండు నిజాలు. మరుసటి ఉదయం ఆఫీసరు రాకముందే పోయి ఆ మాట కొట్టేసి నా పేరు రాసి, సంతకం పెట్టాను. నాకు మెమో వచ్చింది. మస్తాన్ పేరు జాబితాలో నిలిచింది. అతను కృతజ్ఞతలేమీ చెప్పలేదు. కొత్త మూత తెచ్చి నా చేతిలో పెట్టి, "తెరిచినప్పుడు దీన్ని డ్రైవరు సీటు మీద పెట్టు సార్. నువ్వు మర్చిపోయినా ముడ్డి గుర్తు చేస్తాది" అన్నాడు. ఆ రోజు నుంచి అతను నాకు మస్తానన్న.

ఆ అలవాటు ఇంట్లోకీ వచ్చింది. సగం రాసిన ఉత్తరం, వేసుకోవాల్సిన మాత్రలు, కట్టాల్సిన కరెంటు బిల్లు, అన్నీ నేను కూర్చునే కుర్చీలోనే పెడతాను. "ఈ ఇంట్లో వచ్చినోళ్లు కూచునేకి ఒక్క కుర్చీ ఖాళీ ఉండదు" అని సరోజ సణుగుతూనే ఉంటుంది.

ఈ ఉదయం బానెట్ కింద వంగి అతని ప్రశ్నే వేసుకున్నాను. ఆఖర్న చెయ్యి పెట్టిందెవరు? ఆయిలు మూతను వేలితో తాకితే ఊగింది. పక్కకు ఒరిగి కూర్చుని ఉంది, ఆ సందులోంచి ఇంజను గాలి పీల్చింది, అందుకే దీపం. నిన్న సాయంత్రం కొత్త ఆయిలు రంగు చూద్దామని నేనే తెరిచాను. ఒక్క నిమిషమే కదా అని మూత చేతిలోనే పట్టుకున్నాను. ఇంతలో సరోజ టీకి పిలిచింది. పైపైన పెట్టి లోపలికి పోయాను.

మూత సరిగా బిగించి సరోజకు చెప్పాను. "పాపం, ఆయప్పను ఊరికే అంటివే" అంది. డైరీలో రాసిన మాట కొట్టేసి నా పేరు రాశాను. ఓబులేసుకు ఫోన్ చేయాలనుకుంటూనే ఈ రోజంతా గడిపాను. తప్పు రాసుకోవడం కన్నా చెప్పుకోవడం ఇప్పటికీ నాకు కష్టమే.

ఆగస్టు 18, సోమవారం. ఉదయం ఆరింటికి కారు స్టార్టు చేశాను. దీపం ఆరలేదు. అప్పుడు ఫోన్ చేశాను.

"మూత తెరిచింది నేనే ఓబులేసూ. నీ తప్పేం లేదు."

 అతను నవ్వాడు. "పోనీలే సార్. బిగించినారు గదా, నాలుగుసార్లు స్టార్టు చేస్తే దీపం అదే ఆరిపోతాది. కడపకు పోయి రాండి, ఏం గాదు."

సరోజ సంచి పట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది. "ఏమంటాండాడు?"

"పోవచ్చంటున్నాడు."

"మస్తానన్న ఉంటే ఏమంటుండె?"

ఇంజను ఆపి, తాళంచెవి మేకుకు తగిలించాను. ఇద్దరం వీధి చివర షేర్ ఆటో ఎక్కి, కడప బస్సు కోసం బస్టాండుకు పోయాం.