చెల్లెలి మోకాట్లో జెల్

ఎమ్మిగనూరులో మా చెల్లెలు మగ్గం నేసేది. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి, గట్టున పలక మీద కూర్చుని, అడుగున ఉన్న చెక్కలను ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతూ నేయాలి. మొగుడు పోయిన తర్వాత కూడా ఆ ఇంట్లో మగ్గం చప్పుడు ఆగలేదు.

ఆదోని బస్టాండులో బస్సు దిగబోతూ పడింది. కుడి మోకాలు వాచిపోయింది. బెంగళూరు తీసుకెళ్తే, మోకాటి ఎముక చివర ఉండే మృదులాస్థి ఒకచోట పెచ్చులా లేచిపోయిందన్నాడు డాక్టరు. వయసుతో అరిగిన మోకాలైతే ఈ పద్ధతి పనికిరాదట. ఆమెకు నలభై దాటలేదు, దెబ్బ కూడా ఒక్కచోటే. నీటిని పట్టుకుని ఉండే ఒక మెత్తటి జెల్‌ను అక్కడ నింపితే, ఎముకలో నుంచి ఊరే కణాలు అందులో నిలిచి మెల్లగా కొత్త మృదులాస్థి పెరుగుతుందన్నాడు.

ఇలాంటి వార్తలు పత్రికలో నేనే ఎన్నో రాశాను. ఆ మాటే ఆమెతో అన్నాను.

"పేపర్లో రాసిందంతా అయ్యేటట్లుంటే మన కొళాయిల్లో దినామూ నీళ్లొచ్చుండాల కదన్నా" అని నవ్వింది. "అయితే తాటిముంజె పెడతారంటావు నా మోకాట్లో. పెట్టనీలే. మళ్లా గుంటలోకి దిగితే సాలు నాకు."

ఆపరేషన్ బాగానే జరిగింది. తాను చెప్పేదాకా ఆ కాలి మీద బరువు వేయొద్దని, కూర్చుని మోకాలు మెల్లగా ఆడిస్తూ ఉండమని డాక్టరు చెప్పి పంపాడు.

కొన్ని వారాలకు, నేనుండే ఆదోని నుంచి ఆమెను చూడటానికి వెళ్లాను. వీధి మలుపులోనే ఆమె మగ్గం వినిపించింది. లోపలికి వెళ్లేసరికి గుంటలో ఉంది.

"ఏం సేస్తాండావే? బరువు పెట్టొద్దన్నాడు కదా!"

"యాడ పెట్టినాను? నడిస్తే కదా బరువు. కూసోనే ఉండాను. ఒళ్లంతా పలక మీదనే ఉండాది. మోకాలు ఆడించమన్నాడు, ఆడిస్తాండాను." పడుగు వైపు గడ్డం ఎత్తి చూపింది. "సగం నేసిన సీర ఇట్ల ఇడిసిపెడితే నాకు నిద్ర పట్టదన్నా."

పుట్టినప్పటి నుంచి మగ్గం చూసిన మా ఇంట్లో ఎవరికీ అది తప్పుగా తోచలేదు. మాకు కాళ్లు నొప్పి పుట్టడమంటే నిలబడటం, నడవటమే. మగ్గంలో కూర్చున్నవాళ్లు కాళ్ల మాట ఎత్తగా నేను వినలేదు.

మోకాలు మళ్లీ వాచింది. ఈసారి బెంగళూరులో డాక్టరు స్కానింగు చాలాసేపు చూశాడు. మగ్గం ఎలా నేస్తారో అడిగితే, ఆమె కుర్చీలోనే ఎడమ కాలితో తొక్కి చూపింది. ఆయన కోప్పడలేదు. చెక్కను నొక్కిన ప్రతిసారీ ఆ బలం మోకాటి మీదే పడిందని, పట్టు కుదరకముందే జెల్ ఊడిపోయిందని చెప్పాడు. కింద ఎముక కూడా దెబ్బతింది కాబట్టి మళ్లీ నింపినా నిలవదన్నాడు.

"మగ్గమో?" అంది ఆమె.

ఆయన తల అడ్డంగా ఊపాడు.

మిగిలిన చీరను పక్కింటి కోడలు వచ్చి నేసింది. మగ్గం నుంచి కోసి తెచ్చి ఒళ్లో పెడితే, మా చెల్లెలు మూర మూరకూ వేళ్లతో తడుముతూ పోయి ఒకచోట ఆగింది.

"ఈడ దాకా నేను" అంది.

చీర మడిచి నాకిచ్చింది. లేవడానికి చెయ్యి అందించమంది.