నిమ్మకాయకు పెట్టిన పరీక్ష

మీ కొత్త కారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు కదా, అవి లేకుండా ఒకసారి నడిపి తేడా ఏమిటో చూశారా?

చూసి ఉండరు. నేను చూశాను. కారుతో కాదు, చక్రాల కుర్చీతో.

నేను రిటైర్ కావడానికి ముందు వేసవిలో, జూలై మొదటి వారంలో, మా డాక్యుమెంటరీ సంస్థ నన్ను స్కార్‌బరో అనే విదేశీ పట్టణంలో జరిగే ఒక పిల్లల సినిమా పండుగకు శిక్షకుడిగా పంపింది. ఆఫ్రికా దేశాల నుంచి వచ్చి అక్కడ అద్దెకుంటున్న కుటుంబాల పిల్లలకు కెమెరా పట్టడం నేర్పి, జట్టుకొక చిన్న సినిమా తీయించి, ఆదివారం తెర మీద వేయాలి. జట్లు అయిదు, కెమెరా ఒకటి. ఒక్కో జట్టుకు ఒక్క రోజు. సాయంత్రం అయిదింటికి షాట్ రాకపోతే ఆ జట్టుకు ఆదివారం తెర లేదు.

కెమెరా ఎరువిచ్చింది కామేశ్వరరావు గారు. ఉద్యోగకాలమంతా వంతెనలు కట్టిన ఇంజనీరు. లెక్క చూసుకోకుండా ఒక్క బోల్టు బిగించి ఉండరు. అలాంటి మనిషి మూడో రోజు పొద్దున సంచిలో నాలుగు నిమ్మకాయలతో దిగారు. హైదరాబాదులో ఎవరి షూటింగో చూసి వచ్చారట. కెమెరా బండి చక్రాల కింద నిమ్మకాయ పెట్టకుండా తీసిన సినిమా ఒక్కటి చూపించండి మూర్తిగారూ, అన్నారు. హాలీవుడ్ అన్నాను. వాళ్ల సంగతి వదిలేయండి అన్నారు.

ఆ రోజు వంతు అడా జట్టుది. నైజీరియా పిల్ల, పన్నెండేళ్లది, దర్శకురాలు. కథ ఇది: అపార్ట్‌మెంట్ టవర్‌లోకి ఒక మేక వస్తుంది, కారిడార్ పొడవునా నడుస్తుంది, అందరూ ఫోన్లు చూసుకుంటుంటారు గనక ఎవరూ గమనించరు. అంతా ఒకే షాట్. మేక వేషం ఆమె తమ్ముడు చిడిది. బాత్రూం ముందు వేసే బూడిదరంగు మ్యాట్ వీపుకు కట్టుకుని నాలుగు కాళ్ల మీద నడుస్తాడు. వెనకాల చక్రాల కుర్చీలో కెమెరాతో అడా. అదే మా డాలీ, అంటే కెమెరాను కుదుపు లేకుండా కదిలించే బండి. దాన్ని తోసేవాణ్ణి గ్రిప్ అంటారు. హోదాలో కిందివాడే, కానీ అతని కాలు తడబడితే పైవాళ్లందరి పనీ చెడుతుంది. మా గ్రిప్ ఎరిట్రియా కుర్రాడు యోనాస్.

నిమ్మకాయ ఏం చేస్తుందని అడా అడిగింది. అడ్డంకులు తొలగిస్తుందన్నారు కామేశ్వరరావు గారు. ప్రతిసారీనా? ప్రతిసారీ. అయితే ఒక టేక్ పెట్టి తీద్దాం, ఒకటి పెట్టకుండా తీద్దాం, ఏది బాగుంటే అది, అంది. ఆయన ధీమాగా ఒప్పుకున్నారు. నలభై ఏళ్లుగా హేతువాద సభల్లో నేను గొంతు చించుకున్న మాట ఆ పిల్ల రెండు వాక్యాల్లో చెప్పేసింది. గెలిచామనే అనుకున్నాను.

నిమ్మకాయలు లేని టేక్‌లో కుర్చీ గోడకు గుద్దుకుంది. రెండోసారి మేక తోక తొక్కింది. నిమ్మకాయలు పెట్టిన రెండు టేకుల్లోనూ బండి నూనె పోసినట్టు సాగింది. మొదటిదానికి చివర ఒకావిడ బట్టల బుట్టతో అడ్డం వచ్చింది. ఆవిడ చక్రం పరిధిలోకి రాదని కామేశ్వరరావు గారి వివరణ. రెండోదాంట్లో మ్యాట్ జారిపోయింది. మేకకు విడిగా ఒక నిమ్మకాయ కట్టాల్సిందట.

ఇది కాకతాళీయమని నేను మొదలుపెట్టాను. "నిమ్మకాయ ఓడిపోయి ఉంటే కూడా ఇదే అనేవారా, అంకుల్?" అని అడిగింది అడా. కామేశ్వరరావు గారు నవ్వారు. ఆ నవ్వు కంటే తిట్టినా బాగుండేది.

అప్పటికి నాలుగు దాటింది, నిమ్మకాయలు అయిపోయాయి. ఇండియన్ స్టోర్‌కు వెళ్లొస్తానని ఆయన కారు తాళాలు తీశారు. ఆ ట్రాఫిక్‌లో అయిదింటికి తిరిగి రావడం కల్ల అని ఆయన్ను ఆపాను. అడా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అయినా ఏడవకుండా యోనాస్ వైపు తిరిగి, నిమ్మకాయ ఉన్నప్పుడు నువ్వేం చేశావని నిలదీసింది. వాడు నసిగాడు. కొత్త బూట్లు, స్కూలుకని కొన్నవి, రసం అంటితే అమ్మ చంపేస్తుంది, అందుకని మెల్లగా తోశాను అన్నాడు.

వలంటీర్ల కోసం తెచ్చిన పెట్టెలో జామ్ నింపిన డోనట్ ఉండలున్నాయి. నిమ్మకాయ మహిమైతే వీటితో కుదరదు, బూట్లైతే కుదురుతుంది, అని అడా రెండు చక్రాల ముందూ చెరొకటి పెట్టింది. ఒకటి చితికింది. యోనాస్ గుడ్ల మీద నడిచినట్టు నడిచాడు. రెండోది చక్రానికి తగిలి దొర్లుకుంటూ మేకను దాటిపోయింది. చిడి ఆగాడు, వాసన చూశాడు, చేతులు వాడకుండా నోటితో అందుకుని, నములుతూ ముందుకు సాగాడు. పక్కన ఫోన్ చూసుకుంటున్నవాళ్లు తలెత్తలేదు. ఆ షాట్ ఎవరూ రాయలేరు.

ఏమీ పెట్టకుండా, మెల్లగా తోయమని చెప్పి ఒకటి తీస్తే తప్ప రుజువు పూర్తి కాదన్నాను. అయిదైంది. కామేశ్వరరావు గారు గడియారం చూసి, "తీయండి, నాకూ తెలియాలి" అన్నారు. ఏమీ పెట్టకుండానే బండి నూనె పోసినట్టు సాగింది. ఆయన వంగి ఒక్కో చక్రాన్నీ చేత్తో తిప్పి చూశారు.

మర్నాడు ఏం జరిగిందో వినండి. నాలుగో జట్టు పిల్లలు కెమెరా స్టాండ్ మూడు కాళ్ల కింద మూడు డోనట్ ఉండలు పెట్టి కూర్చున్నారు. స్టాండ్‌కు చక్రాలే లేవు. ఎందుకురా అంటే, అడాకు కలిసొచ్చింది కదా అన్నారు. అడా వెళ్లి బూట్ల కథంతా చెప్పింది. విని, రెండు తీశారు. ఒకటి ఉంచారు. కామేశ్వరరావు గారు ఆ రోజు నిమ్మకాయలు తేలేదు, డోనట్లు తెచ్చారు. తినడానికేనా అని అడిగాను. ఆయన పెట్టె మూత పెట్టేశారు.

ఆదివారం తెర మీద మేక డోనట్ నమిలినప్పుడు హాలు ఊగిపోయింది. అడా మాత్రం నవ్వకుండా, బండి ఎక్కడైనా కుదిపిందేమోనని చూస్తూ కూర్చుంది.

మూఢనమ్మకం పుట్టడానికి మూర్ఖులు అక్కర్లేదని అక్కడ నేర్చుకున్నాను. ఫలితం బాగా రావాలి, కారణం అడిగేవాళ్లు లేకపోవాలి, చాలు. రెండు రోజుల్లో ఒక కొత్త ఆచారం నా కళ్లముందే తయారైంది, నా వృత్తిలోనే, జామ్‌తో సహా.

కాబట్టి ఈసారి మీ ఇంటికి కొత్త కారు వచ్చినప్పుడు, నిమ్మకాయలు చేతికిచ్చిన పెద్దమనిషిని పక్కసీట్లో కూర్చోబెట్టుకుని, అవి లేకుండా నడపండి. మెల్లగా నడపండి. ఇంటికొచ్చి ఆ నిమ్మకాయలతో పులిహోర కలిపి, ముందుగా ఆయనకే వడ్డించండి.